మొదటి నాలుగు కిలోమీటర్లు

నేను మొకాలు సూడ.
టైరు పక్కన గొంతుకూసొని తుడిచెటోనికి
ముందుగాల కనవడేటియి చెప్పులే.

సొహార్ల పెద్ద రోడ్డు మీద అద్దాల షోరూం.
లోపట ఏసీ, ఎనుక యార్డుల ఎండ.
ఓడ దిగిన బండ్లు తెల్ల ప్లాస్టిక్కు కప్పుకొని
దవాఖాన్ల పసిపిల్లల లెక్క వరుసగ పండుకుంటయి.
ఉల్లిపొర గుంజినట్టు ఆ ప్లాస్టిక్కు గుంజుడు నా పని.

అయిదు రకాలు. ఒక్క తల్లి కడుపే.
చిన్నదాని గుండెకాయనే నడిపిదానికి గూడ పెట్టిన్రు,
మూతి మార్చిన్రు, పేరు మార్చిన్రు,
వెయ్యి రియాళ్ళు ఎక్కువ జేసిన్రు.
ఈ మాట నిషాద్ అననియ్యడు.
అమ్మేటోడు ఆయన, మలప్పురం పిలగాడు,
టై కింద మెడ నిండ చెమటకాయలు.

చిన్నదాని కాడికి రబ్బరు అడుగుల తెల్ల బూట్లొస్తయి,
రాత్రి డ్యూటీ దిగిన నర్సులు.
తలుపన్న తెర్వకముందే, నెలకెంత?
అటెన్క సీటు మీద చెయ్యి పెట్టి
జరసేపు ఊకుంటరు.

పొడుగు కారు కాడ మెరిసే నల్ల బూట్లు,
పోర్టుల ఇంజినీర్లు.
డిక్కీ తెరిచి మూస్తరు, సప్పుడు ఇంటరు,
మళ్ళ తెరిచి మూస్తరు.
అంగట్ల కుండను కొట్టి సూసినట్టే.

ఏడు సీట్ల దాని కాడ చెప్పులు లెక్కవెట్టలేం.
పెద్దయి, చిన్నయి, ఊడిపోయిన ఒంటిది.
ఎనుక వరుసలకు దూరిన పోరడు దిగనంటడు.
తండ్రి ధర మాట్లాడుతనే ఉంటడు.
తల్లి వంగి సూస్తది,
ఆఖరి వరుసకు ఏసీ గాలి అందుతదా లేదా అని.
కొనేది ఎవలో నాకప్పుడే ఎర్కైతది.

పెద్ద బండికి పొద్దుమీకి వస్తరు,
అత్తరు ముందు, పిలగాండ్లు ఎనుక.
ఇసుక దిబ్బ ఎక్కుతదా అని అడుగుతరు.
ఎక్కుతది.
వీళ్ళు ఎక్కియ్యరు.

పికప్పు కాడికి మాత్రం
ఒకనాడు ఉత్త కాళ్ళొచ్చినయి.
మడిమల నిండ ఉప్పు పగుళ్ళు.
చాపలు పట్టే బలూచీ ముసలాయన, మురాద్,
చెప్పులు అద్దాల తలుపు కాడనే ఇడిచిండు.
ధర అడుగలే, మైలేజీ అడుగలే.
ఎనుక తొట్టిలకు ఎక్కి నిలువునా పండుకున్నడు.
వల మడతేస్తే తనంత పొడుగుంటదట.
నిషాద్ నవ్వు ఆపుకున్నడు, నాతోని కాలే.
పండుకున్న కాడ్నే ముసలాయన గూడ నవ్విండు.

రంగుల పుస్తకంల పదకొండు రంగులున్నయి.
నీలం మీద వేలు పెడ్తరు, ఎరుపు కాడ ఆగుతరు,
ఆఖరుకు తెలుపే రాసుకొమ్మంటరు.
పుర్రెకో బుద్ధి అంటది మా అవ్వ.
ఆమెకు ఈ ఎండ తెల్వది.

యార్డు నుంచి పెట్రోలుకు, పెట్రోలు నుంచి కడిగే కాడికి,
అక్కడ్నుంచి అద్దాల లోపటికి.
జీరో మీటరు అని అమ్మే ప్రతి బండిల
మొదటి నాలుగు కిలోమీటర్లు నాయి.
అయిదు రకాలూ నడిపిన.
నన్ను ఏ రకం కావాల్నని ఎవలడుగుతరు.

నిన్న షమ్సా టీచరమ్మ చిన్నది తీసుకపోను వచ్చింది.
స్టీరింగు కాడ కూసొని మీటరు సూసింది.
కొత్తదంటిరి, ఈ నాలుగు ఎవలు నడిపిన్రు?
ఓడ ఎక్కుడు దిగుడు మేడం, అన్నడు నిషాద్.
ఆమె కిందికి సూసింది,
సబ్బు నురుగు ఆరని నా బూట్ల దిక్కు.
ఎట్ల నడుస్తది? అని నన్నడిగింది.

నాకొచ్చిన అరబ్బీ అంత కూడవెట్టుకొని
మంచిగనే పోతది అన్న.
బ్రేకు గట్టిది అన్న.
మలుపు కాడ జర ఎడమకు గుంజుతది, అని గూడ అన్న.

నిషాద్ కండ్లతోనే నా జీతం కోసిండు.

గేటు కాడి మలుపుల ఆమె
స్టీరింగును ఇసుమంత కుడికి పట్టింది.
బండి సక్కగ పోయింది.